కంటికి దొరికిన చేప ఫొటోకి ఎందుకు దొరకదు?

గదిలో లైటు ఆపేసి, అక్వేరియం లైటు ఒక్కటే ఉంచి కూర్చున్నప్పుడు నియాన్ టెట్రాల గుంపు ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది. ఇరవై నీలిగీతలు ఒకేసారి వెలిగి ఆరిపోతాయి. ఆ అందాన్ని దాచుకుందామని ఫోన్ తీసి నొక్కుతాం. తెరమీద చూసుకుంటే నీలిగీతల చోట తెల్లటి మరకలు, చేపల చోట సాగిపోయిన నీడలు, వాటన్నిటికీ అడ్డంగా మన ముఖం.

ఇలా నాలుగైదుసార్లు జరిగాక చాలామంది ‘మంచి కెమెరా లేకపోతే ఇది కుదరదు’ అనుకుని వదిలేస్తారు. కొందరు నిజంగానే ఖరీదైన కెమెరా కొంటారు. దాంట్లోనూ అవే మరకలు, అదే ముఖం. చేపల్ని పెంచుతూ, వాటి ఫొటోలు తీస్తూ గడిపిన ఇన్నేళ్లలో నాకు తెలిసిందేమిటంటే, ఈ లెక్కలో కెమెరా చివర వస్తుంది. మొదట వెలుతురు, తర్వాత గాజు, ఆ తర్వాత చేప నిమ్మళంగా ఉందా లేదా అన్నది. ఈ మూడూ కుదిరిన రోజు మామూలు ఫోన్‌తో తీసిన ఫొటో కూడా గోడకి తగిలించుకునేలా వస్తుంది.

చేపని చూస్తున్నప్పుడు మన కన్ను ఒకచోట నిలవదు. చేప ఎటు వెళితే అటే వెళుతుంది, అందుకే చేప చెదిరినట్టు అనిపించదు. గాజు మీద మన ప్రతిబింబం అప్పుడూ ఉంటుంది. కానీ రెండు కళ్లూ కలిసి దూరాన్ని అంచనా కడతాయి కాబట్టి ఆ ప్రతిబింబం ఒక లోతులో, చేప ఇంకో లోతులో ఉన్నాయని మెదడుకి తెలుస్తుంది. అక్కర్లేనిదాన్ని అది పక్కన పెట్టేస్తుంది. లైటు కాస్త ఊదాగా ఉన్నా తెల్లని చేపని తెల్లగానే చూపిస్తుంది. కెమెరాకి ఈ సౌకర్యాలేవీ లేవు. దానికి ఒకటే కన్ను, ఎదురుగా ఉన్నదాన్నంతా చదునుగా అచ్చు వేస్తుంది.

పోనీ ఒక్కో లోపాన్నీ సరిచేద్దామంటే, ఒక ముడి విప్పినప్పుడల్లా ఇంకోటి బిగుస్తుంది. చేప చెదురుతోందని షట్టర్ వేగం పెంచితే, అంటే కాంతి లోపలికి వచ్చే సమయం తగ్గిస్తే, ఫొటో చీకటి అవుతుంది. చీకటి పోవాలని అపెర్చర్, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే కన్నం, పెద్దది చేస్తే కన్ను స్పష్టంగా వచ్చి తోక మసకబారుతుంది. ఐఎస్ఓ, అంటే కాంతికి కెమెరా స్పందించే తీరు, పెంచితే రంగుల్లో ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. ఇవన్నీ ఎందుకని ఫ్లాష్ వేస్తే గాజు మీద తెల్లటి గోళం ఒకటి పడి చేపే కనబడదు. అందుకని ఏ చిట్కానీ విడిగా పాటిస్తే లాభం ఉండదు. అవి ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలిస్తే, మన ట్యాంకుకి ఏది పనికొస్తుందో మనకే తెలుస్తుంది.

నీళ్లు, గాజు, గాలి

చేప దగ్గర బయల్దేరిన కాంతి మొదట నీళ్లలో, తర్వాత గాజులో, ఆ తర్వాత గాలిలో ప్రయాణించి లెన్స్‌కి చేరుతుంది. ఒక పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. నీటిది సుమారు 1.33, మామూలు గాజుది 1.5 దగ్గర, గాలిది దాదాపు 1. నీళ్లగ్లాసులో పెన్సిల్ విరిగినట్టు కనిపించే బడి పాఠమే ఇది. నేరుగా ఎదురుగా చూస్తే వంపు ఉండదు గానీ దూరం తగ్గినట్టు అనిపిస్తుంది. ముందు గాజుకి 40 సెంటీమీటర్లు వెనక ఉన్న చేప 30 సెంటీమీటర్ల దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. దీనివల్ల ఫొటోకి నష్టమేమీ లేదు. ఫోకస్ ఆ కనిపించే దూరానికి సర్దుకుంటుంది.

నష్టమంతా ఏటవాలుగా చూసినప్పుడే. నీలికాంతి ఎర్రకాంతి కంటే కాస్త ఎక్కువ వంగుతుంది. కోణం పెరిగేకొద్దీ ఆ తేడా విడిపోయి, చేప అంచుకి ఒకవైపు ఎర్రటి గీత, ఇంకోవైపు నీలి గీత పడతాయి. పొలుసులు, రెక్కల చారలు అలికినట్టు అయిపోతాయి. ట్యాంకు ముందు నిలబడి మూలగా, బాగా పక్కనుంచి లోపలి మొక్కల్ని చూడండి, కంటికే తెలిసిపోతుంది. కంప్యూటర్లో ఎంత సవరించినా ఆ పోయిన స్పష్టత తిరిగి రాదు.

కాబట్టి లెన్స్ ఎప్పుడూ గాజుకి 90 డిగ్రీల్లో ఉండాలి. చెప్పడానికి తేలికే గానీ, చేప పక్కకి వెళ్లగానే మన చేయి తెలియకుండానే కెమెరాని అటు తిప్పేస్తుంది. తిప్పకూడదు. మనమే పక్కకి జరగాలి. చక్రాలున్న చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని అటూ ఇటూ జరగడం నాకు ఏ లెన్స్ కంటే ఎక్కువ మంచి ఫొటోలు ఇచ్చింది. కెమెరా ఎత్తు కూడా చేప కంటి ఎత్తులోనే ఉండాలి. నిలబడి పైనుంచి కిందికి తీసిన ఫొటోల్లో చేప చిన్నబోతుంది, కోణం వల్ల అంచులూ చెడతాయి.

గుండ్రటి గాజు గిన్నెల గురించి ఒక్క మాట. వంపు తిరిగిన గాజూ లోపలి నీళ్లూ కలిసి భూతద్దంలా పనిచేస్తాయి, చేప ఒకచోట ఉబ్బి ఇంకోచోట సాగి కనిపిస్తుంది. ఫొటో సంగతి అలా ఉంచితే, అంత తక్కువ నీళ్లు ఏ చేపకీ చాలవు. ఫొటో కోసం కూడా, చేప కోసం కూడా నాలుగు చదునైన గోడలున్న ట్యాంకే నయం.

వక్రీభవనం కొన్ని కానుకలు కూడా ఇస్తుంది. నీళ్లలోంచి గాలిలోకి వెళ్లే కాంతి, లంబరేఖ నుంచి కొలిస్తే, సుమారు 48.6 డిగ్రీల కంటే ఎక్కువ వాలుగా తగిలితే బయటికి పోలేక మళ్లీ నీళ్లలోకే తిరిగి వస్తుంది. దాన్నే సంపూర్ణాంతర పరావర్తనం అంటాం. ముందు గాజులోంచి చూసినప్పుడు పక్క గాజు అద్దంలా మెరవడానికి కారణం అదే. కెమెరాని నీటిమట్టం కంటే కాస్త కిందకి దించి పైకి చూస్తే నీటి ఉపరితలం వెండి అద్దంలా మారుతుంది. పైపైన ఈదే గప్పీ, గౌరామి లాంటి చేపలు ఆ అద్దంలో తలకిందులుగా ఇంకొక చేపతో కలిసి ఈదుతున్నట్టు కనిపిస్తాయి. నాకు చాలా ఇష్టమైన ఫొటోలు ఆ కోణంలోనివే. ఇక్కడ మాత్రం 90 డిగ్రీల నియమాన్ని కొద్దిగా సడలించుకోవాలి.

అదే భౌతికశాస్త్రం చేప వైపునుంచి కూడా పనిచేస్తుంది. నీళ్లలోంచి చూసే చేపకి మనం ఉన్నదాని కంటే సుమారు మూడో వంతు ఎక్కువ దూరంలో కనిపిస్తాం. తల పైకి చూస్తే బయటి ప్రపంచమంతా 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో ఇమిడిపోయి ఉంటుంది, ఆ కిటికీకి చుట్టూ అద్దమే. నీళ్లు చిమ్మి పైకొమ్మ మీది పురుగుల్ని పడగొట్టే ఆర్చర్ చేప ఈ వంపుని లెక్కలోకి తీసుకునే గురిపెడుతుంది. మనం పాఠంగా నేర్చుకున్న సంగతి దానికి రోజూ తిండి పెడుతోంది.

గాజు మీద మన ముఖం

గాలి తగిలే గాజు ఉపరితలం తన మీద నేరుగా పడ్డ కాంతిలో దాదాపు 4 శాతాన్ని వెనక్కి పంపుతుంది. తక్కువే. కానీ గది వెలుతురుగా ఉండి, మీరు తెల్లచొక్కా వేసుకుని ఉంటే ఆ 4 శాతం చాలు చేప మీద చొక్కా కప్పడానికి. గది చీకటిగా ఉంటే వెనక్కి రావడానికి కాంతే ఉండదు. అందుకే మొదటి పని గదిలో లైట్లు ఆర్పడం, కర్టెన్లు వేయడం, టీవీ తెర ఆపడం. ముదురు రంగు బట్టలు వేసుకోవడం. ఫోన్ తెర వెలుగు కూడా తగ్గించుకోవాలి, అది మన ముఖం మీద పడి అక్కడినుంచి గాజు మీదికి వెళుతుంది.

పగలే తీయాల్సి వస్తే నల్లటి గుడ్డకి లెన్స్ పట్టేంత కన్నం చేసి కెమెరా ముందు వేలాడదీయవచ్చు. లెన్స్‌కి మెత్తటి రబ్బరు హుడ్ తొడిగి గాజుకి ఆనించడం ఇంకా మంచిది. ఫోన్ అయితే నేరుగా గాజుకి ఆనించేయొచ్చు, చేయి వణకడమూ తగ్గుతుంది. ఆనించేటప్పుడు ‘టక్’మని తగలనివ్వకండి. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో వెళుతుంది. పైగా చేపలకి ఒంటి పక్కన బారుగా ఉండే పార్శ్వ రేఖ అనే ఇంద్రియం ఉంది, నీటిలో చిన్న కదలికనీ అది పట్టేస్తుంది. మనకి వేలితో తట్టడం, వాటికి ఇల్లు అదరడం.

ప్రతిబింబాలు పోవడానికి లెన్స్ ముందు పోలరైజర్ (ఒక దిశలో కంపించే కాంతినే పోనిచ్చే ఫిల్టర్) వాడమని చాలామంది చెబుతారు. చెరువు గట్టున నిలబడి తీసేటప్పుడు అది అద్భుతంగా పనిచేస్తుంది. ఇక్కడ పనిచేయదు. పోలరైజర్ ఆపగలిగేది బాగా ఏటవాలుగా వచ్చే ప్రతిబింబాన్ని, గాజుకైతే లంబరేఖ నుంచి 56 డిగ్రీల దగ్గర. మనం నేరుగా ఎదురుగా తీస్తున్నాం. ఆ కోణంలో అది ప్రతిబింబాన్ని ఆపదు సరికదా, అసలే తక్కువగా ఉన్న వెలుతురులో సగానికి పైగా మింగేస్తుంది.

శుభ్రత విషయం అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా: లోపలి నాచు గీకాక రేణువులు దిగేదాకా ఆగండి, బయట మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, క్లీనర్ స్ప్రేలు ట్యాంకు దగ్గరికి రానివ్వకండి. నీళ్లు మార్చిన రోజు గాజుకీ మొక్కలకీ సన్నటి గాలిబుడగలు పట్టుకుంటాయి, మర్నాడు తీయండి. తిండి వేసిన వెంటనే నీళ్లలో తేలే నలుసులు ఫ్లాష్‌కి మంచు కురిసినట్టు కనిపిస్తాయి.

ఎంత వేగం కావాలి?

నాలుగు సెంటీమీటర్ల చేప సెకనుకి 10 సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా వెళుతోందనుకుందాం. ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, అందులో చేప సగం నిండింది. అంటే చేప ఒంట్లో ఒక్క మిల్లీమీటర్ ఫొటోలో 50 పిక్సెళ్లు. షట్టర్ 1/60 సెకను తెరిచి ఉంటే చేప 1.7 మిల్లీమీటర్లు కదులుతుంది, 80కి పైగా పిక్సెళ్లు అలుక్కుపోతాయి. పొలుసు అనేదే మిగలదు. 1/250లో 20 పిక్సెళ్లు. చిన్న తెర మీద చూడటానికి ఫరవాలేదు. 1/1000లో 5 పిక్సెళ్లు. అక్కడికి వస్తే పొలుసులు విడివిడిగా లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు వెలుతురు వైపునుంచి చూద్దాం. ఒక ట్యాంకులో ఐఎస్ఓ 100, అపెర్చర్ ఎఫ్/4 (ఎఫ్ కింది అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది), 1/30 సెకను దగ్గర ఫొటో సరైన వెలుగుతో వస్తోందనుకోండి. వేగాన్ని 1/250కి తీసుకెళ్లాలంటే మూడుసార్లు వెలుతురు సగం చేసినట్టు. చేప తల నుంచి తోక దాకా స్పష్టంగా ఉండాలని ఎఫ్/8కి వెళితే ఇంకో రెండుసార్లు. మొత్తం అయిదుసార్లు సగం చేశాం, దాన్ని ఐఎస్ఓతో పూడ్చాలంటే 3200 కావాలి. వేగం 1/1000 కావాలంటే 12800. ఇక్కడ కంపెనీల ప్రకటనలేవీ సాయం చేయవు, ఇది ఉత్త లెక్క. ఇంట్లో అక్వేరియం లైటు మన కంటికి ప్రకాశంగా అనిపించినా, కెమెరాకి అది సంధ్యవేళే.

లెక్కని మోసం చేయలేం గానీ చుట్టుదారులు ఉన్నాయి. మొదటిది, చేపతో పాటు కెమెరాని అదే వేగంతో పక్కకి జరుపుతూ నొక్కడం. లెన్స్ దృష్టిలో చేప నిలకడగా ఉంటుంది, వెనక మొక్కలు సాగిపోతాయి, ఆ సాగుడు కూడా అందంగానే ఉంటుంది. రెండోది నాకు బాగా నచ్చినది: ఆగే క్షణం కోసం ఆగడం. ఏ చేపా ఒకే వేగంతో ఈదదు. గోడ దగ్గర వెనక్కి తిరిగే ముందు, తిండి ముక్కని పట్టే ముందు, ఇంకో చేప ఎదురైనప్పుడు అర సెకనో, ఒక సెకనో నిలుస్తుంది. ఆ అలవాటు పట్టుకుంటే 1/125తో కూడా కంటిపాప మెరుపు దాకా వస్తుంది.

స్పష్టంగా ఉండే లోతు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద సెన్సర్ (కాంతిని పట్టే పలక) ఉన్న కెమెరాకి, చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్స్ పెట్టి నాలుగు సెంటీమీటర్ల చేపతో ఫొటో నింపితే, ఎఫ్/8 దగ్గర స్పష్టంగా వచ్చే మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. చేప గాజుకి సమాంతరంగా ఉన్నప్పుడే ఒళ్లంతా వస్తుంది. చేప వంకరగా ఉంటే ఫోకస్ కంటి మీద ఉంచండి. కన్ను స్పష్టంగా ఉంటే తోక మసకబారినా చూసేవాళ్లు మన్నిస్తారు. ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి ఈ మందం దానికి చాలా ఎక్కువ. ఈ ఒక్క విషయంలో ఫోన్‌దే పైచేయి.

ఫోన్‌లో నైట్ మోడ్ మాత్రం తప్పకుండా ఆపండి. అది వరసగా కొన్ని ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి వెలుగు పెంచుతుంది. కదలని భవనానికి అది వరం, కదిలే చేపకి శాపం. ప్రో మోడ్‌లో వేగం మీరే పెట్టుకోండి. ఆటో ఫోకస్ గాజు మీది నాచు చుక్కకీ చేపకీ మధ్య ఊగుతుంటే, చేప తరచూ వచ్చే చోట ఉన్న ఆకు మీద ఫోకస్ లాక్ చేసి, చేప ఆ ఆకు దూరంలోకి వచ్చినప్పుడు వరసగా నొక్కండి. యాభైలో ఒకటి బాగా వస్తే అది మంచి రోజే.

చేప ఒంటి మీద అద్దాలు

నియాన్ టెట్రా నీలిగీత రంగు పూసినట్టుండే రంగు కాదు. ఆ చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు పలుచటి స్ఫటికాలు పొరలుపొరలుగా పేర్చి ఉంటాయి. సబ్బుబుడగ మీద రంగులు ఎలా పుడతాయో ఇక్కడా దాదాపు అలాగే, పొరల మధ్య కాంతి తరంగాలు కలిసి నీలంగా మెరుస్తాయి. ఎర్రచార మాత్రం నిజంగా వర్ణకమే. అందుకే ఏ కోణంలో వెలుతురు పడ్డా ఎరుపు ఎరుపుగానే ఉంటుంది, నీలం మాత్రం కోణాన్ని బట్టి మారిపోతుంది. చాలా చేపల వెండి పొలుసులు కూడా ఇదే గ్వానిన్ పని. అంటే మనం ఫొటో తీస్తున్నది వందల చిన్న చిన్న అద్దాల్ని. అద్దం ఎలా కనిపిస్తుందన్నది వెలుతురు ఎక్కడినుంచి వస్తోందన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఫోన్ ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది. కాంతి నేరుగా వెళ్లి గాజుకి తగిలి నేరుగా తిరిగి వస్తుంది, పొలుసులు తెల్లటి మరకలవుతాయి. దాన్ని మర్చిపోవడమే మంచిది. విడిగా ఉండే ఫ్లాష్‌ని ట్యాంకు మూత గాజు పైన కిందికి చూసేలా పెట్టి, దూరంనుంచి వెలిగిస్తే కథ మొత్తం మారిపోతుంది. కాంతి పైనుంచి వస్తుంది, నదిలో ఎండ వచ్చినట్టే. గాజు మీద ప్రతిబింబం ఉండదు. పైగా తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది 1/5000 సెకనో, అంతకంటే తక్కువో. ఇందాకటి లెక్కలో అది ఒక్క పిక్సెల్ కదలిక. వేగం, లోతు, ఐఎస్ఓ మూడు ముడులూ ఒకేసారి వదులవుతాయి. ఫ్లాష్ మీద నీటిచుక్క పడకుండా, అది జారి నీళ్లలో పడకుండా గట్టి ఏర్పాటు చేసుకోవాలి. విద్యుత్తూ నీళ్లూ పక్కపక్కన ఉన్న చోట తొందర పనికిరాదు.

చేపలకి మనలా కంటిరెప్పలు లేవు. చీకటి ట్యాంకులో హఠాత్తుగా ఫ్లాష్ వెలిగితే చేపలు అదిరి గోడలకి కొట్టుకుంటాయి. అక్వేరియం లైటు వెలుగుతూ ఉన్నప్పుడే ఫ్లాష్ వాడండి. రెండు మూడు వెలుగుల తర్వాత కూడా చేపలు ఉలిక్కిపడుతుంటే ఆ రోజుకి ఆపేయండి.

ఫ్లాష్ లేని వాళ్లకి ఎల్ఈడీ లైటే ఆధారం. దాంతో ఒక చిక్కుంది. కొన్ని లైట్లు మనకి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి, ముఖ్యంగా వెలుగు తగ్గించి పెట్టినప్పుడు. ఫోన్ కెమెరా ఫొటోని వరసలవారీగా చదువుతుంది కాబట్టి ఫొటోలో అడ్డంగా నల్లటి పట్టీలు పడతాయి. కెమెరా పాడైందని టెన్షన్ పడనక్కర్లేదు. లైటుని పూర్తి వెలుగుకి పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట 1/100, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/120 వేగం పెట్టి చూడండి.

మొక్కల కోసం చేసిన లైట్లలో ఎరుపు, నీలం ఎక్కువగా ఉండి ఫొటో అంతా ఊదాగా వస్తుంది. కొత్తగా పెట్టిన చెక్కమొద్దు నుంచి రంగు దిగితే నీళ్లు తేనె రంగుకి తిరుగుతాయి. శుభ్రమైన తెల్లటి ప్లాస్టిక్ స్పూన్‌ని చేపలు తిరిగే చోట ముంచి, దాన్ని చూపించి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా చేసే అమరిక) సరిచేసుకుంటే రంగులు దారికొస్తాయి. కెమెరా తనంతట తాను దిద్దకుండా దాచే రా ఫార్మాట్‌లో తీస్తే ఈ పని తర్వాతైనా చేసుకోవచ్చు. తేనె రంగు నీళ్లని మాత్రం పూర్తిగా తెల్లగా దిద్దకండి. అమెజాన్ ఉపనదుల్లో కార్డినల్ టెట్రాలు పుట్టి పెరిగేది అలాంటి నీళ్లలోనే.

పైనుంచి వచ్చే వెలుతురుతో చేప వీపు మెరిసి పొట్ట చీకట్లో ఉండిపోతుంది. కింద తెల్లటి ఇసుక ఉంటే అది కాంతిని పైకి విసిరి పొట్టని వెలిగిస్తుంది. కానీ చాలా చేపలు నేల రంగుకి తగ్గట్టు ఒంటి రంగుని మార్చుకుంటాయి. చర్మకణాల్లోని నల్లటి వర్ణకం ఒక చుక్కలా ముడుచుకుంటే చేప పాలిపోతుంది, పరుచుకుంటే ముదురుతుంది. తెల్లటి ఇసుక మీద వెలుతురు బాగుంటుంది, చేప వెలవెలబోతుంది. నల్లటి నేల మీద చేప నిండుగా ఉంటుంది, పొట్ట కింద నీడ పడుతుంది. నేను నల్లటి నేలకే ఓటు వేస్తాను. నీడని తర్వాత కాస్త సరిచేసుకోవచ్చు, చేప ముడుచుకున్న రంగుని ఏ సవరణా తిరిగి తేలేదు.

అక్వేరియాన్ని చూసే కళ్లనే మార్చిన జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో (1954–2015) వర్షారణ్యాల్ని పెద్ద ఫిల్మ్ కెమెరాలతో తీసినవాడు. అదే శ్రద్ధతో గాజుతొట్టిలో రాళ్లు, మొద్దులు, మొక్కలతో అడవిని కట్టి ఫొటోలు తీశాడు. లిస్బన్ ఓషనేరియంలో 2015లో తెరిచిన ఆయన చివరి పెద్ద రచన 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల మంచినీళ్ల అడవి. నాచు తింటుందని ఆయన ప్రచారంలోకి తెచ్చిన రొయ్యని ఇప్పుడు అందరూ అమానో రొయ్య అనే పిలుస్తారు. ఆయన ఫొటోల్లో చేపలు బెదిరినట్టు ఉండవు. దాక్కోవడానికి చోటుందని తెలిసిన చేప దాక్కోదు, తీరిగ్గా బయటికొచ్చి ఈదుతుంది. ఖాళీ ట్యాంకులో చేప బాగా కనిపిస్తుందనుకోవడం పొరపాటు. అక్కడ అది రంగు ముడుచుకుని మూలకే అతుక్కుపోతుంది.

చూడటం వచ్చాకే తీయడం

జంతువుల ప్రవర్తనని పరిశోధించిన శాస్త్రవేత్త నికో టింబర్గెన్ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపల్ని గాజుతొట్టెల్లో పెంచి పరిశీలించేవాడు. గుడ్లు పెట్టే కాలంలో మగచేప పొట్ట ఎర్రబడుతుంది, ఇంకో ఎర్రపొట్ట కనిపిస్తే మీదికి దూకుతుంది. ఒకరోజు కిటికీ బయట ఎర్రటి పోస్టు బండి వెళుతుంటే తొట్టెల్లోని మగచేపలు దాని మీదికి కూడా కలబడబోయాయని ఆయన రాసుకున్నాడు. ఎరుపు రంగే వాటికి శత్రువు అన్న సంగతిని ఆయన అలాంటి పరిశీలనల నుంచే పట్టుకున్నాడు. 1973లో కోన్రాడ్ లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఇంట్లో చేపల్ని చూస్తూ కూర్చునేవాళ్లని ‘ఏం ఉంది అందులో చూడటానికి’ అని అడిగేవాళ్లకి నేను ఈ సంగతే చెబుతాను.

ఫాన్ ఫ్రిష్ కనిపెట్టిన ఇంకొకటి ఫొటోలు తీసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. మిన్నో అనే చేప చర్మానికి గాయమైతే అందులోంచి వెలువడే పదార్థం వాసన తగిలి గుంపులోని మిగతా చేపలు భయంతో చెదిరిపోతాయి. టెట్రాలతో సహా ఆ వర్గపు చేపలు చాలావాటికి ఈ గుణం ఉంది. ఫొటో కోసం వలతో పట్టి చిన్న గాజుపెట్టెలోకి మార్చే పద్ధతి ఒకటుంది. శాస్త్రీయ వివరాల కోసం తీసేవాళ్లకి అది అవసరం కావచ్చు, ఇంట్లో ఆనందం కోసం తీసేవాళ్లకి అవసరం లేదు. వలకి గీసుకున్న ఒక్క చేపతో గుంపంతా బెదరొచ్చు, ఆ రోజంతా రంగులు రావు.

నేను చేసేది ఇది. రోజూ ఒకే వేళకి ట్యాంకు ముందు పావుగంట కూర్చుంటాను, కెమెరా పక్కన ఉంటుంది, తీయను. కొత్త వస్తువు కనిపించి వెనక్కి తగ్గిన చేపలు నాలుగైదు రోజులకి దాన్ని పట్టించుకోవడం మానేస్తాయి. ఈలోపు ఏ చేప ఎక్కడ తిరుగుతుందో, ఏ ఆకు కింద ఆగుతుందో, ఎవరు ఎవర్ని తరుముతున్నారో తెలుస్తుంది. కోరిడోరాస్‌లు ఇసుకని ముక్కుతో తవ్వుతూ తవ్వుతూ ఉన్నట్టుండి బాణంలా పైకి దూసుకెళ్లి ఒక గుక్క గాలి మింగి కిందికి దిగుతాయి. అవి పేగుతో కూడా గాలి పీల్చుకోగలవు. ఒకటి వెళ్లాక తరచూ ఇంకోటి కూడా వెళుతుంది, రెండోదానికి మనం సిద్ధంగా ఉండొచ్చు. మగ బెట్టా నీటిమట్టం మీద నురగబుడగలతో గూడు కడుతోందంటే కొన్ని రోజులు అది అక్కడే ఉంటుంది. ఏంజెల్ జంట ఒకే ఆకుని నోటితో పదేపదే శుభ్రం చేస్తోందంటే గుడ్లు పెట్టబోతోందని. అప్పుడు ఫోకస్ ఆ ఆకు మీద పెట్టి కూర్చోవడమే.

బెట్టా రెక్కలన్నీ విప్పిన ఫొటో కోసం అద్దం చూపిస్తారు. అద్దంలో కనిపించేది తనకి పోటీ వచ్చిన మగచేప అనుకుని అది మొప్పలు ఉబ్బించి నిలబడుతుంది. ఒకటి రెండు నిమిషాలైతే తప్పులేదు. గంటసేపు అలా నిలబెట్టడం దాన్ని అలసటతో చంపుకోవడమే. ఫొటో కోసం ఫిల్టర్ ఆపినప్పుడు కూడా పది పదిహేను నిమిషాల్లో మళ్లీ వేయడం మర్చిపోవద్దు. ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియాకి ప్రవహించే నీళ్లలోని ఆక్సిజనే ఊపిరి. ఒకసారి ఫొటోల ధ్యాసలో పడి రాత్రంతా ఆపేసి ఉంచాను. మర్నాడు పొద్దున చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నీళ్లు మార్చి వాటిని కాపాడుకున్నాను గానీ ఆ దృశ్యం ఇప్పటికీ కళ్లముందు ఉంది. అప్పటినుంచి ఫిల్టర్ ఆపే ముందు ఫోన్‌లో పది నిమిషాలకి అలారం పెడతాను.

తీయడానికి ఏ వేళ మంచిదని అడుగుతారు. లైటు వేసిన వెంటనే మాత్రం వద్దు. రాత్రి చీకట్లో నియాన్ టెట్రాల ఎరుపు వెలిసిపోతుంది, నీలిగీత ముదురు ఊదాకి తిరుగుతుంది, చేప దాదాపు గాజులా కనిపిస్తుంది. పొద్దున్నే చూసి జబ్బు చేసిందని కంగారుపడేవాళ్లు ఉంటారు. జబ్బు కాదు, నిద్రరంగు. ముందు గదిలో లైటు వేసి కాసేపు ఉంచి, ఆ తర్వాత ట్యాంకు లైటు వేయండి. కొన్ని నిమిషాల్లో ఊదా నీలమవుతుంది, నీలంలో ఆకుపచ్చ ఛాయ తేలుతుంది, తోక వైపు ఎరుపు నెమ్మదిగా నిండుతుంది. ఈ మార్పుని నేను ఇంతవరకు ఫొటో తీయలేదు. ఆ కాసేపూ కెమెరా మూత తీయకుండా చూస్తాను. గుంపులో చివరి చేప కూడా నీలంగా మారి, మొక్కల చాటునుంచి ముందుకొచ్చాక గదిలో లైటు ఆర్పి, పీట దగ్గరికి లాక్కుంటాను.